ఉప్పు దిగిన దిమ్మ

పొద్దున్న పది గంటలకు క్రేను మొదటి డబ్బాను ఉప్పునీటి తొట్టెలోంచి పైకి లాగుతుంది. డబ్బాను వంచి మీద నాలుగు బిందెల నీళ్ళు పోస్తే ఐసు దిమ్మ జారి బయటికొస్తుంది. దిమ్మ మధ్యలో ఒక స్కేటరు నిలబడి ఉంది. ఈసారి మొత్తం ఏడుగురు, ఏడు డబ్బాలు.

నా పేరు ఎల్లాజీ. హార్బరు పక్కనున్న ఈ ఐసు ఫ్యాక్టరీలో నాది నాలుక పని. పడవలకెళ్ళే ప్రతి దిమ్మనుంచీ ఒక పెచ్చు కొట్టి నాకి చూస్తాను. డబ్బాకు ఎక్కడైనా సన్నటి చిల్లు పడితే తొట్టెలోని ఉప్పునీరు లోపలికి దిగుతుంది. ఉప్పు దిగిన దిమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది. సముద్రంలో రెండో రోజుకే కూలిపోయి, పట్టిన చేపనంతా కుళ్ళబెడుతుంది. అందుకని నేను "ఉప్పు" అంటే దిమ్మను అక్కడికక్కడే సమ్మెటలతో పగలగొడతారు. "చప్పన" అంటే పడవెక్కిస్తారు.

స్కేటర్లకూ ఇదే పద్ధతి. వాళ్ళు ఐసు మీద జారుతూ తిరిగేటప్పుడు బూటు కింది కత్తి తెల్లటి పొడి లేపుతుంది. ఆ పొడి వేలితో తీసి నాలుక మీద వేసుకుంటాను. వచ్చే సీజనులో ఎవరు పైకొస్తారో, ఎవరు పడిపోతారో చెబుతాను. పదకొండు సీజన్లుగా చెబుతున్నాను, ఒక్కటీ తప్పలేదు. తప్పకుండా ఉండటానికి స్కేటింగు కమిటీవారు ఒక ఏర్పాటు కూడా చేశారు. నేను ఉప్పన్నవాళ్ళను అక్కడే చీలమండల మీద సమ్మెటతో కొడతారు. వచ్చే సీజనులో పడాల్సినవాళ్ళు ఇప్పుడే పడిపోతే సీజను సజావుగా సాగుతుందని సెక్రటరీ శేషగిరిగారు అంటారు. ఆయన అన్నదాంట్లో ఎప్పుడూ న్యాయమే ఉంటుంది.

గోడవారన కుర్చీల్లో నలుగురు చదువుకున్నవాళ్ళు కూర్చున్నారు. చలికి వాళ్ళ టైలు బిగుసుకుపోయి పలకల్లా ముందుకు పొడుచుకొచ్చాయి. వాళ్ళ ఒళ్ళో కాగితాలున్నాయి. ఎవరు గాలిలో మూడు చుట్లు తిరుగుతారు, ఎవరు నాలుగు తిరుగుతారు, ఎవరు కోచ్‌ని మార్చారు, ఎవరు ఏడాదిలో రెండంగుళాలు పొడుగెదిగి తిరగడం మర్చిపోయారు, అన్నీ వాటిలో ఉన్నాయి. ప్రతి ఏడూ ఆ కాగితాలు తప్పుతాయి. అయినా కుర్చీలు వాళ్ళవే. నేను నిలబడే ఉంటాను.

నాది ఐదో తరగతి. మాస్టారు నాకు గోడకుర్చీ వేయించి, మర్చిపోయి ఇంటికెళ్ళిపోయారు. మూడో రోజున నేను గోడతో సహా లేచి వచ్చేశాను. ఆ గోడ ముక్క ఇప్పటికీ నా వీపుకే ఉంది. చొక్కాలు ఒక సైజు పెద్దవి కుట్టించుకుంటాను.

మొదటి దిమ్మను పగలగొట్టి అమ్మాయిని బయటికి తీస్తారు. ఇరవై రెండేళ్ళుంటాయి. జుట్టులోని ఐసు దులుపుకుని, ఐసు కట్టిన ఫ్యాక్టరీ నేల మీద జారడం మొదలుపెడుతుంది. ఆమె వెళ్ళినంత మేరా నేల పొడుగవుతుంది. కంప్రెషరు గది వెనక్కి జరిగి దారిస్తుంది. ఆమె మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగితే చదువుకున్న నలుగురూ చప్పట్లు కొడతారు.

"వచ్చే ఏడు మొదటి స్థానం ఈమెదే," అంటాడు కళ్ళద్దాలాయన.

నేను వంగి ఆమె దిగినచోట పొడి తీసి నాకుతాను.

"ఉప్పు."

శేషగిరిగారు బోర్డు మీద రాస్తారు. ఇద్దరు మనుషులు సమ్మెటలతో వస్తారు. ఆమె పారిపోదు. పట్టీలు పెట్టించుకుంటున్నట్టు పాదాలు ముందుకు చాపుతుంది. మొదటి దెబ్బకు చీలమండ దీపం చిమ్నీలా పగులుతుంది. రెండోదానికి పాదం ఊడి, బూటుతో సహా పది గజాల దూరం జారిపోతుంది.

"నాకూ అలాగే అనిపించింది," అని, ఆమె మోచేతుల మీద పాకుతూ క్రషరు వైపు వెళ్ళిపోతుంది.

క్రషరు దగ్గర కొండబాబు ఉంటాడు. మా ఆవిడ తమ్ముడు. దిమ్మల్ని పిండి కొట్టి గొట్టంలోంచి పడవల్లోకి తోయడం వాడి పని. ఊడిన పాదాలు కూడా అందులోనే వేస్తాడు. పోయిన సీజనులో వాడి కూతురు బంగారికి నేను ఉప్పన్నాను. వాడే సమ్మెట తీసుకోవాల్సొచ్చింది, ఎందుకంటే ఆ రోజు మనుషులు తక్కువ. అప్పట్నుంచీ బంగారి క్రషరు పైన కిటికీలో కూర్చుని ఉంది. ఆమె పాదాలు మాత్రం సముద్రంలో ఉన్నాయి. ఏదో పడవ ఐసు పెట్టెలో, వంజరం చేపల మధ్య, ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయట. వైర్‌లెస్‌లో పడవవాళ్ళు చెబుతుంటారు.

మా ఆవిడ ఆ రోజే పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయింది. నా కూతురు పైడి కూడా తల్లి వెంటే వెళ్ళింది. ఏడాదిగా ఇద్దరూ నాతో మాట్లాడరు. నేను తప్పు చెప్పలేదు. ఉప్పుంటే ఉప్పన్నాను.

రెండో స్కేటరు చప్పన. అతన్ని మెట్ల మీద పైన కూర్చోబెడతారు. మూడోవాడు ఉప్పు. వాడు నాలుగు చుట్లు తిరగగలడు, సమ్మెట వచ్చేసరికి ఐదు తిరుగుతాడు. అయినా దిగుతాడు కదా, దిగినప్పుడు కొడతారు. నాలుగో అమ్మాయి చప్పన. ఐదో ఆమె ఉప్పు, ఆరో అతను ఉప్పు. నేలంతా విరిగిన గాజులా ఉంది. అది గాజు కాదు, ఎముక. ఐసులో ఉండి ఉండి తెల్లగా, శుభ్రంగా అయింది.

ఆరుగురి పొడి నాకాక నా నాలుక మొద్దుబారింది. నోట్లో చెక్కముక్క పెట్టుకున్నట్టుంది. ఏం పర్లేదు, మొద్దుబారినా నాలుకకు ఉప్పు తెలుస్తుంది. మిగతావి తెలియవు.

క్రేను ఏడో డబ్బాను లేపుతుండగా కొండబాబు క్రషరు ఆపి నా దగ్గరికొస్తాడు.

"ఏటి బావా, బాగా నాకినావా? కడుపు నిండినాదా?"

"పని సూసుకో రా."

"సూసుకుంటన్నాను. ఏడో డబ్బాలో ఎవులున్నారో తెలుసేటి నీకు?"

"ఎవులైతే నాకేటి."

"నీ గుంటే. పైడి." వాడు నా మొహంలోకి మొహం పెట్టి నవ్వుతాడు. వాడి పళ్ళ సందుల్లో ఐసు మెరుస్తోంది. "అక్క ఒద్దన్నాది. నాను ఒద్దన్నాను. ఇన్నాదా? అయ్య ఏటి సెప్తాడో సూస్తానన్నాది. మరి సెప్పు. ఇప్పుడు సెప్పు సూద్దుం, మా బంగారికి సెప్పినట్టు."

"ఉప్పుంటే ఉప్పనే అంటాను. బంగారికి ఉప్పుండీసరికే అన్నాను."

వాడి చెయ్యి లేవడం నేను చూస్తాను. అది చాలా నెమ్మదిగా, క్రేనులాగ లేస్తుంది. దిగడం మాత్రం కనబడదు. దవడ పక్కకు జరుగుతుంది. పళ్ళ మధ్య ఏదో తెగిన చప్పుడవుతుంది, ఎవరిదో అనుకుంటాను. నొప్పి దవడ వరకే వచ్చి ఆగిపోతుంది. నాలుక మొద్దుబారి ఉంది కదా.

"ఇది బంగారిది," అని వాడు తన క్రషరు దగ్గరికి వెళ్ళిపోతాడు.

కిటికీలోంచి బంగారి, "నాన్నా, నాను కొట్టమన్నేదు," అంటుంది.

ఏడో దిమ్మ జారి నేల మీద నిలబడుతుంది. పైడి లోపల కళ్ళు తెరుచుకునే ఉంది. ఇరవయ్యో ఏడు నడుస్తోంది దానికి. చిన్నప్పుడు ఇదే తొట్టె పక్కన, నేను దిమ్మలు నాకుతుంటే, రెండు కొబ్బరి చిప్పలు కాళ్ళకు కట్టుకుని జారేది. నేను కేకలేసేవాణ్ణి. కేకలు కూడా దానికి సంగీతంలా ఉండేవేమో, ఆగేది కాదు.

దిమ్మ పగలగొట్టే పని నేను చేస్తానంటాను. ఎవరూ వద్దనరు. చుట్టూ చెక్కుతూ వెళ్తాను. చెవి దగ్గర, మెడ దగ్గర జాగ్రత్తగా. చివరి పెచ్చు ఊడగానే అది గట్టిగా ఊపిరి పీలుస్తుంది.

"పెళ్ళలు నా కంట్లో కొట్టీసినావు," అంటుంది. ఏడాది తర్వాత నాతో అన్న మొదటి మాట.

"సలిగున్నాదేటే?"

"డబ్బాలో ఎచ్చగా ఉంటాదేటి? అయ్యా, ఒక్క మాట. నా కోసం అబద్ధమాడకు."

"నానెప్పుడు ఆడినాను?"

"ఆడలేదులే. ఆడుంటే బంగారికి కాళ్ళుండును." బూటు తాడు బిగించుకుని లేస్తుంది. "ఉప్పుంటే సెప్పు. నేకపోతే నేదను. అంతే."

దాని పేరు విన్నప్పట్నుంచీ నాకు తెలియకుండానే నేనొకటి నిర్ణయించుకుని ఉన్నాను. దాని పొడి ఎలా ఉన్నా సరే, చప్పన అంటాను. పదకొండు సీజన్ల పేరు పోతే పోతుంది. ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని, బుగ్గలో దాచుకుంటాను.

పైడి జారుతుంది. మిగతావాళ్ళు జారితే నేల పొడుగైంది. పైడి జారితే ఫ్యాక్టరీ కప్పు ఎత్తవుతుంది. గోడల మీది పావురాళ్ళు చిన్నవై, చుక్కలై పోతాయి. అది చేతులు గుండెకు అదుముకుని గాలిలో తిరుగుతుంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు, మళ్ళీ ఒంటికాలి మీద దిగుతుంది. చప్పుడు లేదు. చదువుకున్న నలుగురూ కాగితాలు తిరగేస్తారు. వాటిలో పైడి పేరు లేదు.

నేను వంగుతాను. పొడి తీసి నాలుక మీద వేసుకుంటాను.

ఉప్పగా ఉంది. ఇంతకు ముందు ఎవరిదీ లేనంత ఉప్పగా, సముద్రం నడిమి నీళ్ళంత ఉప్పగా ఉంది. బుగ్గలో దాచిన మాట వెతుక్కుంటాను. నాలుక నాకన్నా ముందుంది. దానికి పదకొండేళ్ళ అలవాటు.

"ఉప్పు," అంటుంది నా నాలుక.

శేషగిరిగారు రాస్తారు.

పైడి నా వైపు చూసి తలూపుతుంది, బస్సు వచ్చిందని చెబితే ఊపినట్టు. నేను ఉమ్మేస్తాను. తెల్లటి నేల మీద ఎర్రటి మచ్చ పడుతుంది. మళ్ళీ ఉమ్మేస్తాను. మళ్ళీ ఎరుపే. వేలు నోట్లో పెట్టి చూస్తే నాలుక పక్కన నిలువునా చీలి ఉంది. నా నెత్తురు నేనే నాకి, నా కూతురి మీద చెప్పాను.

"శేషగిరిగారూ, చెరిపెయ్యండి. ఆ ఉప్పు నాది. దాని ఐసుది కాదు."

ఆయన సుద్దముక్క జేబులో పెట్టుకుంటారు. "ఎల్లాజీ, నీ మాట ఈ రోజు తప్పైతే, ఏ రోజైనా తప్పై ఉండవచ్చు. అప్పుడు పదకొండు సీజన్ల పాదాలూ తిరిగివ్వాల్సొస్తుంది. మా దగ్గర లేవు. సముద్రంలో ఉన్నాయి."

ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది.

సమ్మెటలవాళ్ళు వస్తారు. పైడి పాదాలు చాపదు. వెనక్కి జారుతుంది. ఒకడు విసురుతాడు, అది పక్కకు తప్పుకుంటుంది, సమ్మెట నేల మీద పడి ఐసు పగులుతుంది. రెండోవాడిదీ నేల మీదే పడుతుంది. మనిషి అందకపోతే నేలను కొట్టమని శేషగిరిగారు అంటారు. ఇప్పుడు పది మంది నేలను కొడుతున్నారు. పగులు తరుముతుంటే అది పగులు ముందర జారుతోంది. ఐసు నేల పెరడంత అవుతుంది, మంచమంత అవుతుంది, అన్నం కంచమంత అవుతుంది. పైడి కంచం మీద ఒంటికాలి మీద తిరుగుతోంది.

కంచం మీద సమ్మెట పడేలోపు అది గాలిలోకి ఎగురుతుంది.

కిందికి దిగదు. క్రేను కొక్కెం ఎత్తున, చేతులు ముడుచుకుని, తిరుగుతూ ఉండిపోతుంది. దాని కత్తుల నుంచి సన్నగా మంచు రాలుతోంది. సమ్మెటలవాళ్ళు సమ్మెటలు ఎత్తి, తలలు పైకెత్తి నిలబడతారు.

"తొందరేం లేదు," అంటారు శేషగిరిగారు, కుర్చీ తెప్పించుకుంటూ. "ఎంత ఎగిరినవాళ్ళైనా దిగక తప్పదు. దిగినప్పుడు కొడదాం."

"అయ్యా, ఎక్కడ దిగను?" పైనుంచి పైడి అడుగుతుంది. గొంతు చుట్లు తిరుగుతూ వస్తోంది, ఒక ముక్క దగ్గరగా, ఒక ముక్క దూరంగా.

నాకు తెలిసిన పనిముట్టు ఒకటే. దిమ్మలు లాగే కొక్కెం. దాని మొన నాలుక కిందుగా పెట్టి, రెండు చేతులతో ముందుకు లాగుతాను. చీలి ఉంది కాబట్టి సులువుగానే వస్తుంది. వేర్లు ఉన్నాయి దానికి, దుంపకున్నట్టు. ఒక్కో వేరూ తెగుతుంటే ఒక్కో సీజను పేర్లు నోట్లోంచి రాలిపోతాయి. నెత్తురు గడ్డం మీదుగా చొక్కాలోకి దిగుతోంది. నాలుకను తీసుకెళ్ళి శేషగిరిగారి బల్ల మీద పెడతాను. చెప్పాల్సింది చాలా ఉంది. చెప్పేది బల్ల మీద ఉంది.

క్రషరు ఆగుతుంది. కొండబాబు వచ్చి నా పక్కన నిలబడతాడు. కాసేపు నాలుకను చూస్తాడు, కాసేపు నన్ను.

"మా బావ సెప్తన్నాడు," అంటాడు వాడు శేషగిరిగారితో. "ఆ మాటన్నది ఇదిగో, ఇది. మా బావ కాదు. కొడితే దీన్ని కొట్టండి."

శేషగిరిగారు బోర్డు వైపు చూస్తారు, బల్ల వైపు చూస్తారు. చదువుకున్న నలుగురిలో ఒకాయన వచ్చి శేషగిరిగారి చెవిలో ఏదో చెబుతాడు.

"సరే. మాట మాటగానే ఉంటుంది. పడాల్సింది పడింది," అంటారు శేషగిరిగారు.

సమ్మెటలవాళ్ళు పది మందీ వచ్చి నాలుకను కొడతారు. మొదటి దెబ్బకు అది "ఉప్పు" అంటుంది. రెండోదానికీ అంటుంది. ఏడో దెబ్బకు గాని ఊరుకోదు. బల్ల విరుగుతుంది. నాలుక పలచగా, పెద్దగా, తువ్వాలంత అయి, అంచునుంచి వేలాడుతుంది. కొండబాబు దాన్ని మడిచి క్రషరులో వేస్తాడు. గొట్టంలోంచి పడవలోకి అది వెళ్ళిపోయిన చప్పుడు వినిపిస్తుంది. బంగారి పాదాలకు అది ఏదో ఒకనాడు ఎదురవుతుంది. ఏం చెప్పుకుంటాయో నాకు తెలియదు.

పైడి ఇంకా పైనే ఉంది. ఇప్పుడు కొట్టేవాళ్ళు లేరు, దిగడానికి నేలా లేదు. నేలంతా పిండి అయింది. తొట్టెలో దిమ్మలున్నాయి. ఏ డబ్బాకు చిల్లుందో, ఏ దిమ్మలో ఉప్పుందో నాకి చెప్పేవాడు లేడు. ఉప్పు దిగిన దిమ్మ మీద అది దిగితే కాలు నిలవదు. నిజంగానే పడుతుంది, ఎవరూ కొట్టకుండానే.

"అయ్యా, తల తిరుగుతన్నాది," అంటుంది. "ఎక్కడో ఒక దగ్గిర దిగీయాలి నాను."

నేను నేల మీద వెల్లకిలా పడుకుంటాను. వీపునున్న గోడ ముక్క మొదటిసారి సరిగ్గా నేలకు ఆనుతుంది, కదలకుండా పట్టుకుంటుంది. నోరు తెరుస్తాను. నాలుక లేని నోరు ఇంత విశాలంగా ఉంటుందని నాకు తెలియదు. లోపల గాలి వీస్తోంది.

పైడి ఎక్కడ దిగాలో కొండబాబుకు వెంటనే అర్థమవుతుంది. తాగే నీళ్ళ కుండ తెస్తాడు. ముందు తాను ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని పుక్కిలిస్తాడు.

"సప్పన, బావా. ఒట్టు. బంగారి మీద ఒట్టు." కుండ వంచబోతాడు.

"నాన్నా, ఆగు!" కిటికీలోంచి బంగారి అరుస్తుంది. "ముందు నెత్తురు ఆగనీ. నెత్తురు కలిస్తే ఉప్పెక్కీద్ది. మళ్ళా అదే అవుద్ది."

కొండబాబు ఐసు పిండి గుప్పెడు తీసి నా నాలుక మొదట్లో కుక్కుతాడు. తీస్తాడు, ఎర్రగా ఉంది. మళ్ళీ కుక్కుతాడు. తీస్తాడు, గులాబీ రంగులో ఉంది. మళ్ళీ కుక్కుతాడు. వాడి వేళ్ళు నా నోట్లో ఉన్నాయి. నన్ను కొట్టిన చెయ్యే.

"ఆగినట్టే ఉన్నాది," అంటాడు. "సరీగ్గా కనబడ్డం నేదు బావా. నీకెలగున్నాది?"

ఎలా ఉందో చూసుకోడానికి నాకు నాలుక లేదు.

వాడు నీళ్ళు పోస్తాడు. నా నోరు నిండుతుంది. నీళ్ళు పళ్ళ అంచుల దాకా వచ్చి నిలుస్తాయి, అక్కణ్ణుంచి లోపలివైపు గడ్డకట్టడం మొదలవుతుంది. చదువుకున్న నలుగురూ కాగితాలు పారేసి, కుర్చీలు మోసుకుంటూ నా మీసం ఎక్కి, పై పళ్ళ మీద వరసగా కూర్చుంటారు. శేషగిరిగారు నా పెదవి మూల నిలబడి ఎవరినీ నెట్టుకోవద్దంటున్నారు. మెట్ల మీదున్న చప్పన స్కేటర్లు, పాదాల్లేని ఉప్పు స్కేటర్లు, సమ్మెటలవాళ్ళు, అందరూ నా బుగ్గల మీద చోటు వెతుక్కుంటున్నారు. కొండబాబు కూతుర్ని భుజాన వేసుకుని నా గడ్డం మీద నిలబడతాడు, దానికి బాగా కనబడాలని.

ఐసు కట్టింది. నడుమ కొంచెం రంగు ఉందంటుంది బంగారి. లేదంటాడు కొండబాబు. ఉందంటుంది.

కప్పు దగ్గర పైడి చేతులు విప్పుతుంది. చుట్లు నెమ్మదిస్తాయి. ఒక కాలు వెనక్కి చాపి, ఒక కాలు కిందికి పెట్టి, కత్తి మెరుస్తుండగా దిగడం మొదలుపెడుతుంది. పావురాళ్ళను దాటుతుంది, కొక్కేన్ని దాటుతుంది. దాని నీడ నా నోట్లో పడి, గుండ్రంగా తిరిగి, ఒక్కచోట నిలబడి ఎదురుచూస్తోంది.

నేను నోరు ఇంకాస్త పెద్దగా తెరుస్తాను.